గంప దించే చోటేదీ?

తన చేలో పండింది తానే అమ్ముకునే రైతును ఆహార చట్టం లైసెన్సు అడగదు, జీఎస్టీ చట్టం రిజిస్ట్రేషన్ అడగదు. చిక్కంతా రోడ్డెక్కాకే.

హైదరాబాద్ నుంచి కర్నూలు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి మీద షాద్‌నగర్ దాటి బాలానగర్, జడ్చర్ల వైపు సాగితే, వానలు వెనకపట్టు పట్టే రోజుల్లో రోడ్డు మార్జిన్‌లో సీతాఫలం గంపలు కనిపిస్తాయి. కొన్నిచోట్ల ఐదారుగురు ఆడవాళ్లు వరసగా, కొన్నిచోట్ల చెట్టు నీడన ఒక్కరే. ఒక గంప ముందు, ఇంకో గంప వెనక, తల మీద కొంగు. దేశంలో సీతాఫలం తోట వేసేవాళ్లందరికీ తెలిసిన ‘బాలానగర్’ రకం పేరు ఈ ఊరిదే.

ఎవరూ నీళ్లు పోయకపోయినా, మందు కొట్టకపోయినా గుట్టల మీదా గట్ల మీదా బతికే మొండి చెట్టు అది. దాని కాయ మాత్రం ఆగదు. పైన కళ్లు విచ్చుకుని, కళ్ల మధ్య సందులు తెల్లబడగానే తెంపాలి. తెంపిన రెండు మూడు రోజుల్లో మెత్తబడుతుంది. చల్లటి గదిలో దాచితే తొక్క నల్లబడుతుంది. లారీ కుదుపులకు ఓర్చుకుని, వేలం దాకా ఆగి, అక్కణ్నుంచి మళ్లీ చిల్లర దుకాణానికి చేరేసరికి సగం చితికిపోయే సరుకు. దానికి సరైన మార్కెట్ చెట్టుకు ఎంత దగ్గరుంటే అంత మంచిది. రోడ్డుకంటే దగ్గరగా ఇంకేముంది?

కారు ఆగుతుంది. అద్దం దిగుతుంది.

“గంపకెంతమ్మా?”

“జూసి ఇయ్యండ్రి సారూ. ఇయ్యాల తెల్లారంగ తెంపినయ్. ఇవి రేపటికైతయి, గివి ఎల్లుండికైతయి.”

పండే రోజును బట్టి కాయల్ని విడదీసి ఇచ్చే ఈ సేవ ఏ సూపర్ మార్కెట్‌లోనూ దొరకదు. బేరం కుదిరేలోపు వెనక ఇంకో కారు ఆగుతుంది. కాసేపటికి గస్తీ బండి వస్తుంది. “లేవండి, లేవండి. ఎన్నిసార్లు చెప్పాలి?” గంపలు నాలుగడుగులు వెనక్కి జరుగుతాయి. బండి కనుమరుగవగానే నాలుగడుగులు ముందుకొస్తాయి. సీజన్ అంతా ఇదే తంతు. చెప్పేవాళ్లకూ విసుగే, చెప్పించుకునేవాళ్లకూ విసుగే.

ఇంతకీ చట్టం దృష్టిలో ఆమె ఎవరు? రైతా, వీధి వ్యాపారా, ఆక్రమణదారా? ఏ పుస్తకం తెరిస్తే ఆ జవాబు వస్తుంది.

చేలో ఉన్నంతసేపూ

మొదట మంచి మాటలు. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం రైతునూ మత్స్యకారుణ్నీ తన పరిధిలోంచి తప్పించింది. పొలం దగ్గర రైతు చేతిలో ఉన్న పంటకు ఆ చట్టం వర్తించదని 18వ సెక్షన్ తేటగానే చెబుతుంది. అదే పంట, ఉదాహరణకు మామిడి, రైతు చేయి దాటి వ్యాపారి చేతికి వెళ్లిన క్షణం నుంచి లెక్కలోకి వస్తుంది. కాల్షియం కార్బైడ్‌తో మగ్గబెట్టడం నేరం. ఎథిలీన్ వాయువైతే పది లక్షల పాళ్లలో వంద పాళ్లకు మించకూడదు. రోడ్డు పక్కన తోట రైతు దగ్గర ఆగిన ప్రతివాడూ మొదట అడిగేది “కార్బైడ్ పెట్టలేదు కదా?” అనే. ఆ ఒక్క భరోసా కోసమే పట్నం వాళ్లు అంత దూరం నుంచి అట్టపెట్టెలతో వస్తారు.

పన్నుల సంగతీ అంతే. సొంత సాగులో పండినది అమ్ముకునే వ్యవసాయదారు ఆ మేరకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోనక్కర్లేదు. వ్యవసాయ ఆదాయానికి ఆదాయపు పన్ను లేదు. తూనికల దగ్గర మాత్రం ఒక మెలిక ఉంది. కాటా పెట్టి తూచితే దానికి ముద్ర ఉండాలి. ఎలక్ట్రానిక్ కాటాకైతే ఏటేటా, తక్కెడకూ రాళ్లకూ రెండేళ్లకోసారి. నెలన్నర అమ్మకానికి ఆ కాటా మోసుకుని ముద్ర వేయించుకురావడం ఎవరికి ఓపిక? గంప లెక్కన, డజను లెక్కన అమ్మడం ఇంకా బతికి ఉండటానికి ఇదీ ఒక కారణమేనేమో.

రోడ్డెక్కితే

జాతీయ రహదారుల భూమికీ రాకపోకలకూ 2002లో ఒక ప్రత్యేక చట్టం వచ్చింది. అనుమతి లేకుండా హైవే భూమిని ఎవరు వాడుకున్నా ఆక్రమణే. ఆ ఆక్రమణను తొలగించాలంటే మామూలుగా నోటీసు ఇవ్వాలి, జవాబు వినాలి. కానీ 26వ సెక్షన్‌లోనే ఒక మినహాయింపు పెట్టారు. ఆరుబయట సరుకు పరిచినా, తాత్కాలిక దుకాణమో బడ్డీనో పెట్టినా నోటీసు లేకుండానే తీసేయవచ్చు. గంప పెట్టుకున్న మనిషికి నోటీసు పొందే హక్కు కూడా లేదన్నమాట.

“మా పొలం రోడ్డును ఆనుకునే ఉంది, నా గట్టు మీద నేను అమ్ముకుంటాను” అంటే? గట్టు ఆయనదే. కొనేవాడి కారు నిలిచేది మాత్రం రోడ్డు పోరంబోకులో. పైగా అదే చట్టంలోని 28వ సెక్షన్ ప్రకారం వాహనంతో గానీ, ఐదుగురు అంతకుమించి గుంపుగా నడిచి గానీ హైవే మీదికి రావడానికి అనుమతి కావాలి. పండ్లు కొనడానికి రెండు కుటుంబాలు కారు దిగితే గుంపు లెక్క సరిపోతుంది.

దారికి అడ్డం పడటం శిక్షాస్మృతిలో ఎప్పట్నుంచో నేరమే. పాత భారత శిక్షాస్మృతి 283వ సెక్షన్ కింద జరిమానా గరిష్ఠంగా 200 రూపాయలు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 285వ సెక్షన్‌గా మారి, జరిమానా 5,000 దాకా పెరిగింది. చాలామంది చిన్న రైతులకు ఒక రోజు అమ్మకం అంత ఉండదు.

ఇందులో హైవే వాళ్లను ఊరికే తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. నాలుగు వరసల రోడ్డు మీద కార్లు వంద కిలోమీటర్ల వేగంతో వస్తాయి. పండ్ల గంప చూసి ముందువాడు బ్రేకు తొక్కితే వెనకవాడికి తెలిసేలోపే అంతా అయిపోతుంది. డివైడర్ అవతల ఆగిన కారు దగ్గరికి గంప నెత్తిన పెట్టుకుని పరుగెత్తే ఆడమనిషిని చూస్తే గుండె గుబేలుమంటుంది. ఆ మార్జిన్‌లో అమ్మకం ప్రమాదమే, సందేహం లేదు. నా ఫిర్యాదల్లా ఒక్కటే: “ఇక్కడ వద్దు” అని చెప్పే చట్టాలు నాలుగున్నాయి గానీ, “అదిగో అక్కడ” అని చెయ్యెత్తి చూపించే చట్టం ఒక్కటీ లేదు.

పట్నంలో ఇంకో తలుపు, దానికో తాళం

పట్టణంలోకి వస్తే కథ మారుతుందనిపిస్తుంది. పేవ్‌మెంట్ మీద వ్యాపారం చేసుకోవడం, తగిన ఆంక్షలకు లోబడి, రాజ్యాంగం ఇచ్చిన వృత్తి స్వేచ్ఛలో భాగమేనని సుప్రీంకోర్టు 1989లో సోదన్ సింగ్ కేసులో చెప్పింది. పాతికేళ్ల తర్వాత, 2014లో, వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. చదవడానికి ముచ్చటైన చట్టం. సర్వే పూర్తిచేసి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవర్నీ ఖాళీ చేయించకూడదు. చోటు మార్చాలంటే ముప్పై రోజుల నోటీసు. పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం నలభై శాతం వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు మహిళలు. సరుకు స్వాధీనం చేసుకుంటే, పాడయ్యేదైతే యజమాని వచ్చి అడిగిన రోజే తిరిగివ్వాలి. మునిసిపాలిటీ ట్రాక్టర్‌లోకి ఎత్తిన టమాటా పెట్టెలు ఎలా తిరిగొస్తాయో చూసినవాళ్లకు ఈ ఒక్క వాక్యం విలువ తెలుస్తుంది.

రైతు దగ్గరికి వచ్చేసరికి 5వ సెక్షన్ తాళం వేసేస్తుంది. సర్టిఫికెట్ కావాలంటే “నాకు వేరే జీవనాధారం లేదు” అని హామీ రాసివ్వాలి. రైతు ఆ మాట ఎలా రాసిస్తాడు? అతనికి వేరే జీవనాధారం ఉంది కాబట్టే అమ్మడానికి సరుకుంది! అబద్ధం రాస్తే సర్టిఫికెట్ వస్తుంది, నిజం చెబితే రాదు. సర్టిఫికెట్ లేకుండా అమ్మితే జరిమానా రెండు వేల దాకా.

అసలు ఈ చట్టం పట్టణాలకే. కార్పొరేషన్, మునిసిపాలిటీ, నగర పంచాయతీ దాటితే దాని మాట చెల్లదు. ఊళ్లో పంచాయతీది రాజ్యం. సంత ఉంటే ఆశీళ్లు వేలం వేస్తారు. పాడుకున్న కాంట్రాక్టరు మనిషి చీటీల పుస్తకంతో తిరుగుతూ గంపకింత, బండికింత వసూలు చేస్తాడు. తెలంగాణలో తైబజార్ అన్నా అదే. ఆ చీటీ తీసుకున్నంత మాత్రాన రేపు పోలీసు వచ్చి లేపితే అడ్డుపడే దిక్కు లేదు. డబ్బు కట్టిన రసీదే గానీ హక్కు రాసిన కాగితం కాదది.

రైతు బజారు ఉంది కదా అంటే

ఉంది. మనవాళ్లు గర్వంగా చెప్పుకోదగ్గదే. పంజాబ్‌లో అప్నీ మండీలు 1987లో మొదలయ్యాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999 జనవరి 26న రైతు బజార్లు తెరుచుకున్నాయి. అదే ఏడాది నవంబరు 14న మదురైలో తమిళనాడు ఉళవర్ సందై ప్రారంభించింది. మెహదీపట్నం, ఎర్రగడ్డ, కూకట్‌పల్లి, విశాఖ ఎంవీపీ కాలనీ... ఒక తరం మధ్యతరగతి ఆదివారం పొద్దున్నే గోనెసంచి పట్టుకుని వెళ్లిన చోట్లు ఇవి.

పద్ధతి కూడా పకడ్బందీగా వేశారు. ఊరూరా రెవెన్యూ, ఉద్యాన, వ్యవసాయ సిబ్బంది వెళ్లి నిజంగా కూరగాయలు పండిస్తున్నవాళ్లను గుర్తించి ఫొటో కార్డులిచ్చారు. ఎకరానికి తగ్గని సర్కారు స్థలం, బజారుకు కనీసం 250 మంది రైతులు, కాటాలు ఉచితం, తెల్లవారుజామున ఆర్టీసీ బస్సులు. ఎస్టేట్ ఆఫీసరు రైతుల కమిటీతో కూర్చుని ధర కడతాడు. టోకు ధరకు పాతిక శాతం పైన, చిల్లర ధరకు పాతిక శాతం కింద అన్నది కొలత. పొద్దున్నే ఆ నల్లబోర్డు మీద సుద్దముక్కతో రాసిన ధర చూసి, బయట బండివాడితో బేరమాడటం చాలామందికి అలవాటు.

కానీ ఇది వారం వారం తెచ్చే కూరగాయల రైతుకు కుట్టిన చొక్కా. ఏడాదికి నెలన్నర మాత్రమే సరుకుండే సీతాఫలం, ముంజెలు, నేరేడు, రేగు అమ్మేవాళ్లకు సరిపోదు. కార్డు రావాలంటే పంట రికార్డు కావాలి, గట్టు మీది చెట్టుకు రికార్డేముంటుంది? ఇక బజారు లోపల కార్డు ఒకరిది, కూర్చునేది ఇంకొకరు అన్న ఆరోపణ మొదట్నుంచీ ఉన్నదే. పొద్దున్నే టోకు మార్కెట్‌లో కొని, రైతు కార్డు జేబులో పెట్టుకుని అమ్మేవాళ్లున్నారు. రోడ్డు మీదా ఇదే బెడద. ‘తోట నుంచి నేరుగా’ అన్న బోర్డు కింద కుప్పపోసిన మామిడి బాటసింగారం మార్కెట్‌లో కొన్నదా, వెనక కనిపించే తోటలోదా అన్నది కొనేవాడికి తేలదు. రైతు పేరు మీద ఎవరో అమ్ముకుంటుంటే, నిజం రైతు వాళ్లతో కలిసి “ఆక్రమణదారులు” లెక్కలో పడిపోతున్నాడు.

మరి మార్కెట్ యార్డుకే తీసుకెళ్లవచ్చు కదా? తీసుకెళ్తారు, ఎక్కువ సరుకు అక్కడికే పోతుంది కూడా. అయితే కమీషన్, హమాలీ, తరుగు, అనంతపురం వైపు చీనీకైతే ‘సూటు’ పేరుతో టన్నుకింత అని కోత. రిజర్వ్ బ్యాంక్ నుంచి 2024లో వెలువడిన అధ్యయనాల్లో, వినియోగదారుడు పెట్టే రూపాయిలో రైతుకు చేరేది టమాటాలో 33 పైసలు, ఉల్లిలో 36, ఆలుగడ్డలో 37 అని తేలింది. అరటికి 31, ద్రాక్షకు 35, మామిడికి 43. రోడ్డు పక్కన అమ్మితే రూపాయికి రూపాయి అతనిదే. పది గంపల్లో ఐదు అమ్ముడుపోయినా ఆ లెక్కలో గెలుపే.

పత్తికొండ వైపు టమాటా ధర పడిపోయినప్పుడల్లా రైతులు పెట్టెలకు పెట్టెలు రోడ్డు మీద పారబోయడం ఏటా పత్రికల్లో చూస్తూనే ఉన్నాం. పారబోసిన రోజు పరామర్శకు నాయకులొస్తారు. అదే టమాటాను అదే రోడ్డు పక్కన కుప్పపోసి అమ్ముకున్న రోజు వచ్చేది గస్తీ బండి.

అనుమతి ఇవ్వాలనుకుంటే

2020లో వచ్చిన మూడు వ్యవసాయ చట్టాల్లో ఒకటి, యార్డు గోడల బయట రైతు ఎక్కడైనా అమ్ముకోవచ్చని చెప్పింది. పొలం గట్టు, గిడ్డంగి, ఫ్యాక్టరీ ఆవరణ అన్నీ వ్యాపార ప్రాంతాలే అంది. ఏడాదికి పైగా దేశమంతా దాని మీద కొట్లాడుకుంది. 2021 నవంబరులో రద్దయింది. ఆ వాదోపవాదాల్లో కార్పొరేట్ కొనుగోలుదారు గురించి, మండీ భవిష్యత్తు గురించి ఇరుపక్షాలా పేజీలకు పేజీలు రాశారు. గంప పట్టుకుని రోడ్డు పక్కన నిలబడే అమ్మకందారు మాత్రం ఎవరి వాదనలోనూ కనపడలేదు.

చిత్రమేమిటంటే అదే 2020లో, లాక్‌డౌన్ రోజుల్లో, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రాత్రికి రాత్రే రైతు బజార్లు ఆట మైదానాల్లోకి వచ్చేశాయి. కూరగాయల బండ్లు కాలనీల్లోకి వచ్చాయి. రైతులకు పాసులిచ్చారు, సున్నంతో గళ్లు గీశారు, పోలీసులే దగ్గరుండి నిలబెట్టారు. ఏ కొత్త చట్టమూ రాలేదు. అధికారులకు మనసుంటే మార్గం ఎంత త్వరగా దొరుకుతుందో అప్పుడు చూశాం.

జపాన్ వాళ్లు ఈ ముడిని రోడ్డు ఇంజినీర్ల చేతే విప్పించారు. 1993లో ‘మిచి-నో-ఎకి’ పేరుతో హైవేల పక్కన 103 మజిలీలు గుర్తించారు. ఇప్పుడు అవి పన్నెండు వందలు దాటాయి. పార్కింగు, మరుగుదొడ్లు, ఆ పక్కనే చుట్టుపక్కల రైతుల అంగడి. రైతు పొద్దున్నే సరుకు తెచ్చి, తన పేరుతో చీటీ అంటించి, ధర తానే వేసి వెళ్లిపోతాడు. సాయంత్రం మిగిలింది తీసుకెళ్తాడు, అమ్మినదాంట్లో కొంత కమీషన్ కడతాడు. కార్లు ఆగడానికి చోటుంది కాబట్టి రోడ్డు మీద ఎవరూ ఆగరు. మన జాతీయ రహదారుల సంస్థ కూడా హైవేల వెంట కడుతున్న విశ్రాంతి మజిలీల ప్రణాళికల్లో ‘విలేజ్ హాట్’ అని ఒక పెట్టె గీస్తోంది. ఆ పెట్టె ఫుడ్‌కోర్టు వెనక, బస్సుల పార్కింగుకు అవతల పడితే ఎవరూ రారు. కారు దిగిన మనిషి మరుగుదొడ్డికి నడిచే దారిలో ఉండాలి. ఇంతకంటే మార్కెటింగ్ శాస్త్రం అక్కర్లేదు.

2018-19 కేంద్ర బడ్జెట్‌లో 22,000 గ్రామీణ సంతల్ని మార్కెట్ కమిటీ నియంత్రణ లేని వ్యవసాయ మార్కెట్లుగా తీర్చిదిద్దుతామని ప్రకటించారు. రైతు వినియోగదారుడికి నేరుగా అమ్ముకునేలా అన్నది దాని ఉద్దేశం. హైవేకి దిగువన, సర్వీసు రోడ్డుకు ఆనుకుని, ఊరి సంత స్థలమో పంచాయతీ ఖాళీ జాగానో ఉన్నచోట ఇలాంటివి ముందు రావాలి. మండలానికి ఒకటో రెండో చాలు. బోర్డు మాత్రం హైవే మీద, కిలోమీటరు ముందే పెట్టాలి. సీజన్ మొదలయ్యే ముందు పంచాయతీ ఒక చీటీ ఇవ్వాలి. అందులో పంట పేరు, నెలలు, స్థలం, ఎవరు అమ్మవచ్చో ఉండాలి. ఆ చీటీని పోలీసూ హైవే సిబ్బందీ ఒప్పుకోవాలి. ఇన్ని శాఖల్లో ఏ ఒక్కటీ “ఇది మా పని” అనకపోవడం వల్లే ఇన్నాళ్లూ నలుగుతోంది గానీ, ఇదేం కొండను తవ్వే పని కాదు.

పండించినవాళ్లే అమ్ముతున్నారని ఎలా తెలుస్తుందన్న ప్రశ్నకు ఇప్పుడు సమాధానం దొరకడమూ సులువే. ఆంధ్రప్రదేశ్‌లో ఈ-పంట నమోదులో ఏ సర్వే నంబరులో ఏ పంట ఉందో గ్రామ స్థాయిలోనే ఎక్కుతోంది. పంట బీమాకు, కొనుగోళ్లకు వాడుతున్న ఆ వివరంతోనే రైతు సేవా కేంద్రంలో చీటీ అచ్చు వేయవచ్చు. గట్టు చెట్లకూ గుట్ట మీది కాయకూ ఊరి ధ్రువీకరణ చాలనాలి.

అయితే చీటీని పట్టాదారు పాస్‌బుక్‌కు ముడిపెడితే మొదటికే మోసం వస్తుంది. కూరగాయలు, పూలు, పుచ్చకాయలు వేసేవాళ్లలో కౌలుదార్లు చాలామంది. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో అధీకృత సాగుదారుల చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో దాని స్థానంలో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం పదకొండు నెలల కార్డు ఇస్తానంది గానీ, దానికి భూ యజమాని సంతకం కావాలంది. సంతకం పెడితే భూమి చేజారుతుందన్న భయంతో చాలామంది యజమానులు పెట్టరు. ఇక రోడ్డు పక్కన గంప ముందు కూర్చునే ఆడవాళ్లలో పాస్‌బుక్ మీద పేరున్నవాళ్లు ఎందరు? మగవాడు దున్నుతాడు, ట్రాలీ నడుపుతాడు, యార్డులో వేలం దగ్గర నిలబడతాడు. తెంపడం, ఏరడం, అమ్మడం ఆమె పని. అందుకే చీటీ మీద రాసే పేరు కుటుంబానిదై ఉండాలి, కౌలుకు చేసేవాళ్లకు సాటి రైతులో పంచాయతీ వార్డు సభ్యులో ఇచ్చే సాక్ష్యం చెల్లాలి. వీధి వ్యాపారుల చట్టం కుటుంబ సభ్యులు అమ్మవచ్చని ఇప్పటికే ఒప్పుకుంది కాబట్టి, ఆ ముక్క వరకు కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు.